‘సంభవించింది’ గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన ‘సంభవించింది’ అనే క్రియాపదం గారికి,

నమస్కారాలు. మా అమ్మాయికి సాంఘిక శాస్త్రం చదివిస్తుంటే బ్రిటిష్ పాలన పాఠంలో తమరు మళ్లీ కనిపించారు. నా చిన్నప్పుడూ అక్కడే ఉండేవారు. ఇంటికి సున్నం కొత్తగా వేశారు గాని కాపురం మారలేదన్నమాట.

మీ ఇరుగుపొరుగు వాక్యాల దర్జాయే వేరు. బెంటింక్ సతీసహగమనాన్ని నిషేధించాడు. డల్హౌసీ రైళ్లు వేయించాడు. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. మంచిపని ప్రతిదానికీ పేరున్న కర్త ఒకడు. తీరా కరువు దగ్గరికి వచ్చేసరికి దొరలంతా పేజీ దాటేస్తారు, గుమ్మంలో తమరొక్కరే నిలబడతారు: ‘1876-78లో తీవ్రమైన కరువు సంభవించింది.’ కర్త లేడు. మిగిలింది కర్మ. అది మాది.

1877 జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటిస్తున్నప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో జనం తిండిలేక రాలిపోతున్నారు. దర్బారు మాత్రం సంభవించలేదండీ, ఆయన ‘జరిపించాడు’. ఆ ఏడే, కరువు చూసుకోమని సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ దొర కరువు పనులు చేసే కూలీకి రోజుకు ఒక పౌను (అరకిలో కన్నా తక్కువే) ధాన్యం, పైన కాసిని డబ్బులు చాలన్నాడు. ఆ కోత కూడా వానలాగే ఆకాశం నుంచి పడి ఉంటుంది. ఇక రైళ్లంటారా, పెట్టుబడి పెట్టిన కంపెనీలకు 5 శాతం రాబడికి పూచీ పడింది మన ఖజానా. కరువు కాలంలో ధాన్యం రేవులకు చేరిందీ ఆ పట్టాల మీదుగానే. (కాటన్‌ను ఏమీ అనను. రైళ్లకన్నా కాలువలు ముఖ్యమని తన వాళ్లతోనే పోట్లాడిన మనిషి. ఆ సంగతికి పాఠంలో చోటు చాలలేదు కాబోలు.)

1832-33లో గుంటూరు సీమ మాడిపోయినప్పుడు, బడి మొహం చూడని మా పూర్వులు దానికి ‘డొక్కల కరువు’ అని పేరు పెట్టారు. ఆ రెండు మాటల్లో ఉన్నంత చరిత్ర తమరు అన్ని తరగతుల్లోనూ మోయలేదు.

కనుక ఆ పేజీలో కొన్నాళ్లు సెలవు తీసుకోండి. మీ బదులు ‘చేశారు’ గారిని పంపించండి.

ఇట్లు,
ఒక తండ్రి

తాజా కలం: నిన్న మా ఇంట్లో గాజుగ్లాసు పగిలింది. ఎవరు పగలగొట్టారని అడిగితే మా అమ్మాయి చేతులు కట్టుకుని, ‘పగలడం సంభవించింది నాన్నా’ అంది. సాంఘికంలో దానికి నూటికి తొంభై.