పంపు విప్పే ముందు ట్యాంకు మూత విప్పండి

పాత డీజిల్ బండి లాగడం లేదని షెడ్డుకు తీసుకెళ్తే మన దగ్గర మొదట వినిపించే మాట "పంపు పోయింది", అంటే ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు పాడైందని. బానెట్ ఎత్తీ ఎత్తకముందే తీర్పు వచ్చేస్తుంది. ట్యాంకు మూత తీసి చూడరు, ఫిల్టరు అడుగున నీళ్లున్నాయేమో చూడరు, యజమానిని ఒక్క ప్రశ్న అడగరు. ఒంగోలు చుట్టుపక్కల ఇప్పటికీ పాత టాటా 407 లారీలను, కమాండర్ జీపులను, చెరువు గట్ల మీది డీజిల్ ఇంజన్లను నమ్ముకుని బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పంపు ఓవర్‌హాలింగ్ అంటే వాళ్లకు అప్పు చేయాల్సిన ఖర్చు. అందుకే ఈ తొందరపాటు తీర్పుల మీద నాకింత కోపం.

ఇంజెక్షన్ పంపుకు డీజిల్ ఎవరో ఒకరు తెచ్చి అందించాలి. ట్యాంకు నుంచి పైపు, డీజిల్‌ను లాగి ముందుకు పంపే ఫీడ్ పంపు, ఫిల్టర్లు దాటుకుని అది సరిగ్గా అందుతోందో లేదో తేల్చకుండా పంపు మీద స్పానర్ పెట్టకూడదు. పంపు లోపల ప్లంజరు (డీజిల్‌ను నెట్టే కడ్డీ), బారెలు (అది ఆడే గొట్టం) జతగా అరగదీసి చేసినవి. వాటి మధ్య సందు కొన్ని మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) మాత్రమే, డీజిలే వాటికి కందెన. దుమ్ములో విప్పితే బాగున్న పంపు కూడా పాడవుతుంది. తిరిగి బిగించేటప్పుడు డీజిల్ ఎప్పుడు పడాలో చెప్పే టైమింగ్ గుర్తు కాస్త తప్పినా అంతకుముందు లేని పొగ, వేడి మొదలవుతాయి.

మా బావ 407 చీమకుర్తి నుంచి గ్రానైట్ పలకలు తోలుతుంది. బయలుదేరినప్పుడు బాగానే ఉండేది. లోడుతో కొంత దూరం పోయాక యాక్సిలరేటర్ ఎంత తొక్కినా అందుకోక, నీరసించి ఆగిపోయేది. కాసేపు పక్కన పెడితే మళ్లీ మామూలే. పంపు షాపులో ఎలిమెంట్లు (ప్లంజరు, బారెలు జతలు), డెలివరీ వాల్వులు మార్చి పెద్ద బిల్లు చేతిలో పెట్టారు. మర్నాడు లోడెత్తితే మళ్లీ అదే తంతు. చివరికి లారీల మీద జీవితమంతా గడిపిన ఒక పెద్దాయన, "ఆగినప్పుడు ట్యాంకు మూత తిప్పి చూశావా అబ్బాయ్?" అని అడిగారు. తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూతలో ఉండే గాలి రంధ్రాన్ని రాతి దుమ్ము, డీజిల్ జిడ్డు కలిసి మూసేశాయి. డీజిల్ బయటికి వెళ్లేకొద్దీ దాని స్థానంలోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి, ఫీడ్ పంపు ఎంత లాగినా డీజిల్ కదలదు. బండి ఆగి ఉన్నప్పుడు గాలి మెల్లగా చొరబడుతుంది కాబట్టి మళ్లీ స్టార్ట్ అవుతుంది. చిన్న సూదితో పోయే జబ్బుకు పంపు మొత్తం విప్పారు. వేడెక్కినప్పుడు మొరాయించి చల్లారాక పనిచేసే పంపులు లేకపోలేదు, అరిగిన రోటరీ పంపులు అలాగే చేస్తాయి. కానీ మూత వదులు చేయగానే పోయే జబ్బు పంపుది కాదు. ఈ తేడా కనిపెట్టడానికి యంత్రాలేవీ అక్కర్లేదు, ఓపిక చాలు.

కొత్తపట్నం వైపు బండ్లది ఇంకో బాధ. ఉప్పు గాలికి ఛాసిస్ వెంబడి పోయే ఇనుప పైపు క్లిప్పుల కింద తుప్పుపట్టి, కంటికి కనపడనంత చిల్లు పడుతుంది. అది ట్యాంకుకు, ఫీడ్ పంపుకు మధ్య ఉంటే ఇంజన్ నడుస్తున్నంతసేపూ డీజిల్ కారదు, గాలిని పీలుస్తుంది. "ఎక్కడా కారడం లేదు, లీకు లేదు" అనేవాళ్లు ఈ సంగతే మరచిపోతున్నారు. పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు తిప్పాల్సి రావడం, ఫీడ్ పంపు మీదుండే చేతి పంపు నాలుగుసార్లు కొడితే వెంటనే అందుకోవడం, ట్యాంకు నిండుగా ఉంటే నయంగా ఉండి సగానికి దిగితే ముదరడం, ఈ మూడూ కలిస్తే గాలి పడుతోందని నూటికి తొంభై పాళ్లు అనుకోవచ్చు. ఫిల్టరు తర్వాత జానెడు పారదర్శక గొట్టం తాత్కాలికంగా తగిలించి ఇంజన్ నడిపితే బుడగలు కళ్లకే కనిపిస్తాయి. ఆ తర్వాత వెతకాల్సింది గట్టిపడిన రబ్బరు పైపులు, బిగించకుండా వదిలేసిన చేతి పంపు నాబ్, పాతవే మళ్లీ వేసిన రాగి వాషర్లు.

అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష డబ్బా పరీక్ష. శుభ్రమైన డబ్బాలో వడగట్టిన డీజిల్ పోసి, ట్యాంకు పైపు తీసేసి ఫీడ్ పంపుకు ఆ డబ్బా నుంచే గొట్టం పెట్టండి. గొట్టాల్లోని గాలి పూర్తిగా తీసి బండి నడపండి. జబ్బు పోతే తప్పు ట్యాంకుదో, పైపుదో, ట్యాంకులోని జల్లెడదో. పోకపోతే ఫీడ్ పంపు, ఫిల్టర్లు, మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగి పోయే రిటర్న్ దగ్గరున్న ఓవర్‌ఫ్లో వాల్వు చూడాలి. ఆ వాల్వు స్ప్రింగు నీరసిస్తే పంపు లోపల ఉండాల్సిన ఒత్తిడి నిలవదు, లోడు మీద బండి చతికిలపడుతుంది. చాలామంది మెకానిక్కులు దాని వంక చూడను కూడా చూడరు.

పొగ కూడా చెబుతుంది. డీజిల్ చాలకపోతే బండి లాగదు, నల్ల పొగ కూడా రాదు. నల్లగా కమ్ముతుంటే డీజిల్ కొరత కాదు, ఎయిర్ ఫిల్టరో, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లో చూడాలి. ఇక్కడ ఒక ఘోరం జరుగుతోంది. లాగడం లేదంటే చాలు, పంపు మీద సీలు తెంపి డీజిల్ గరిష్ఠ మోతాదును పెంచే ఫుల్ ఫ్యూయల్ స్క్రూ తిప్పేస్తారు. తాత్కాలికంగా ఊపు వస్తుంది, యజమాని సంతోషంగా డబ్బులిస్తాడు. అసలు జబ్బు అలాగే ఉంటుంది. ఎప్పుడో ఫిల్టరు మార్చగానే డీజిల్ మోతాదు మించి పోయి పిస్టన్లు వేడికి దెబ్బతింటాయి. దీన్ని రిపేరు అనడానికి నాకు నోరు రాదు.

మన తీరంలో అక్టోబరు, నవంబరు వానలకు డీజిల్లో నీళ్లు చేరడం మామూలే. రొయ్యల చెరువులకు డబ్బాల్లో మోసే డీజిల్ సంగతి చెప్పనక్కర్లేదు. నీరు బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. పొద్దున్నే ఇంజన్ తిప్పకముందు డీజిల్ నుంచి నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్ అడుగు స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. మిస్సింగ్ (డీజిల్ సరిగ్గా మండకపోవడం) ఏ సిలిండరులో ఉందో తెలుసుకోవడానికి నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటి వదులు చేసే అలవాటు పాత మెకానికల్ పంపులకే సరిపోతుంది. అక్కడ కూడా చెయ్యి అడ్డం పెట్టకండి. కంప్యూటర్‌తో నడిచే కొత్త తరం కామన్ రైల్ బండ్ల జోలికి అసలు పోకండి, వాటిలో ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా పంపే అని తేలితే నిరభ్యంతరంగా షాపుకు పంపండి. విప్పకముందే పంపును విడిగా తిప్పి కొలిచే టెస్ట్ బెంచీ మీద పెట్టి ఒక్కో సిలిండరుకు ఎంత డీజిల్ పడుతోందో మీ ఎదుట చూపించమనండి, బాగుచేశాక మళ్లీ చూపించమనండి. మార్చిన ఎలిమెంట్లు సంచిలో వేసి ఇవ్వమనండి. దీనికి విసుక్కునే షాపు అయితే పంపు వెనక్కి తెచ్చేసుకోండి.