చేత్తో చేసిన కానుక చవకేమీ కాదండీ

పండగ సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, ఒక సలహా ఊరంతా తిరుగుతుంది. "ఖర్చు తగ్గించుకోవాలనుకుంటున్నారా? ఈసారి కానుకలు మీరే తయారు చేయండి." పక్కనే ఒక ఫొటో: మెత్తటి ఊలు మఫ్లరు, గాజు సీసాలో కొవ్వొత్తి, కాగితంలో చుట్టి పురికొస కట్టిన సబ్బు. చూస్తే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. కానీ ఆ సలహా రాసినవాళ్లు ఒక్క మఫ్లరైనా మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా అల్లారా అన్నది నాకు అనుమానమే.

లెక్క వేద్దాం. ఓ మాదిరి మఫ్లరు, వరుసకు 40 కుట్లు, 400 వరుసలు అనుకోండి. అంటే 16,000 కుట్లు. నిమిషానికి 30 కుట్లు వేసేంత చెయ్యి తిరిగినవాళ్లకైనా దాదాపు 9 గంటలు పడుతుంది. ఎక్కడో ఒక కుట్టు జారిపోయి, అది నాలుగు వరుసలు దాటాక కంటపడి, విప్పి మళ్లీ అల్లే సమయం ఇందులో కలపలేదు. పైగా మఫ్లరు అంటే అల్లికలో అన్నిటికన్నా తేలికైన పని. మేజోడుకిలా మడమ తిప్పక్కర్లేదు, స్వెట్టరుకిలా చంకలు కలపక్కర్లేదు. పెద్దవాళ్ల స్వెట్టరైతే ఊలే వెయ్యి మీటర్ల పైన పడుతుంది.

అల్లడం అయిపోయాక కూడా పని ఉంటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఊలు ఉండ మారిన చోటల్లా రెండేసి కొసలు వేలాడుతుంటాయి. మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉండే సూదికి ఆ కొస ఎక్కించి, వెనకవైపు కుట్లలోంచి కొంత దూరం ఒక దిక్కుకి, మళ్లీ కొంత దూరం వెనక్కి దూర్చాలి. ఒకే దిక్కుకి దూర్చి కత్తిరించేస్తే నాలుగు సార్లు మెడకు చుట్టుకునేసరికి కొస బయటికి తొంగిచూస్తుంది. రంగులు ఎక్కువ వాడితే ఈ కొసల పనికే ఒక సాయంత్రం పోతుంది. తర్వాత దాన్ని తడిపి, తువ్వాలులో చుట్టి నీళ్లు పిండి, కొలతకు సాగదీసి, అంచుల వెంట పిన్నులు గుచ్చి ఆరబెట్టాలి. అప్పుడే ఆ ముడుచుకున్న ముద్ద మఫ్లరులా కనబడుతుంది. ఇంత చేశాక "భలే ఉందే, డబ్బు మిగిలిందన్నమాట" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

సబ్బూ కొవ్వొత్తీ అయితే తొందరగా అయిపోతాయి కదా అంటారు. నూనెలూ కాస్టిక్ సోడా కలిపి పొయ్యి మీద పెట్టకుండా చేసే సబ్బును అచ్చులోంచి తీశాక 4 నుంచి 6 వారాలు గాలికి ఆరనివ్వాలి. అందులోని నీరు పోయి గట్టిపడితేనే అది బాత్రూములో నాలుగు రోజులైనా నిలుస్తుంది. పండగ వారంలో మొదలుపెడితే మీరిచ్చేది కానుక కాదు, ఇంకో నెల దాకా వాడొద్దని చెప్పి ఇచ్చే ముద్ద. సోయా మైనంతో చేసిన వాసన కొవ్వొత్తిని కూడా ఒకటి రెండు వారాలు పక్కన పెట్టాకే వెలిగించమంటారు. అన్నట్టు, కాస్టిక్ సోడాను నీళ్లలో వేయాలి తప్ప దాని మీద నీళ్లు పోయకూడదు, ఎగిరి మీద పడుతుంది. సరదాగా పిల్లలతో కలిసి చేయండి అని రాసేవాళ్లు ఈ ముక్క కూడా రాస్తే బాగుండు.

అసలు మనకు ధర మీద అంచనా పోవడానికి కారణం ఉంది. మేజోళ్లు అల్లే యంత్రాన్ని విలియం లీ 1589లోనే కనిపెట్టాడు. అప్పటినుంచి అల్లిక అనగానే యంత్రం ధరే మన బుర్రలో ఉండిపోయింది. ఒకే కొక్కెంతో అల్లే క్రోషా కథ వేరు. అసలైన క్రోషాను ఫ్యాక్టరీలు ఈ రోజుకీ యంత్రం మీద టోకున తీయడం లేదు. అంటే దుకాణంలో తక్కువ ధరకు వేలాడుతున్న క్రోషా టాపును కూడా ఎవరో కొక్కెం పట్టుకుని ఒక్కో కుట్టూ వేసి అల్లారు. ఆ చేతులకు ఎంత ముట్టి ఉంటుందో ఊహించండి. దాని ధర చూసి అలవాటైపోయి "నాకూ ఒకటి చేసిపెట్టవా, ఎలాగూ ఖాళీగా ఉన్నప్పుడు చేస్తావు కదా, ఊలు డబ్బులు ఇచ్చేస్తాలే" అనేవాళ్లున్నారు చూశారూ, వాళ్లకు దండం.

ఇంతవరకూ అడిగేవాళ్ల సంగతి. చేసేవాళ్లం మనమూ తక్కువేం కాదు. మన చేత్తో చేసింది మన కంటికి ఎప్పుడూ ఎక్కువ బాగుంటుంది. నార్టన్, మోచన్, ఏరియలీ అనే ముగ్గురు పరిశోధకులు 2012లో అచ్చయిన పత్రంలో దీన్ని పరీక్షించి చూపించారు. కొత్తవాళ్ల చేత కాగితం బొమ్మలు మడిపించి ధర కట్టమంటే, చేసినవాళ్లు తమ బొమ్మకు ఇతరులు కట్టినదానికి నాలుగైదు రెట్లు కట్టారట. నిపుణులు చేసిన బొమ్మలకు దీటైనవే అన్నంత నమ్మకం. చూసేవాళ్లకు మాత్రం అది నలిగిన కాగితం. కాబట్టి మీరిచ్చిన చేతిసంచీని ఎవరైనా కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి "బాగుంది" అని పక్కన పెడితే వాళ్లు కఠినాత్ములేం కారు. అందరికీ చేతిపనే ఇస్తానని పంతం పట్టి ఆఫీసులో అందరికీ ఒకే రకం కీచైను పంచడం మన సరదా. దాన్ని వాళ్లు ఏళ్ల తరబడి సొరుగులో దాచాల్సి రావడం వాళ్ల ఖర్మ. చేత్తో చేసినదాన్ని పారేయడానికి మనసొప్పదు, వాడడానికి అవసరం ఉండదు.

జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో క్రిస్మస్ కానుకల మీద ఒక పత్రం రాశాడు. పుచ్చుకున్నవాళ్ల లెక్కలో కానుక విలువ దాని ధర కన్నా తక్కువ, పదో వంతు నుంచి మూడో వంతు దాకా వృథా అని తేల్చాడు. కానుకలంటే గిట్టనివాళ్లు ఇప్పటికీ దాన్నే చూపిస్తారు. అయితే దానికోసం ఆయన విద్యార్థులను అడిగిన ప్రశ్నలోనే, మనసుకు సంబంధించిన విలువను పక్కన పెట్టి చెప్పండి అని ఉంది. చేతి కానుకలో ఉండేదే ఆ పక్కన పెట్టింది! దాన్ని తీసేస్తే మిగిలేది కాస్త వంకర అంచున్న మఫ్లరు. ఆ విలువ అందరి దగ్గరా పుట్టదు కాబట్టే అందరికీ చేయకూడదంటాను.

అల్లేవాళ్లు ఈ విషయం ఎప్పుడో గ్రహించారు. ఫలానా మనిషి అల్లికకు తగినవాడా కాదా అని తమలో తాము తేల్చుకుంటారు. వినడానికి గర్వంలా ఉంటుంది గానీ నాకు ఇంతకన్నా నిజాయితీ అయిన పద్ధతి కనబడలేదు. (ప్రేమికుడికి స్వెట్టరు అల్లితే అది పూర్తయ్యేలోగా ప్రేమ తెగిపోతుందని కూడా వాళ్లలో ఒక నమ్మకం ఉంది. అన్ని నెలలు పడితే తెగే బంధాలు ఎలాగూ తెగుతాయి, స్వెట్టరు ఏం చేస్తుంది పాపం.) నేను చూసేది ఒక్కటే, ఈ మనిషి దీన్ని వాడతాడా? దాచుకుంటాడా అన్నది కాదు. ఉన్ని బట్టను వేడినీళ్ల మెషీన్‌లో వేసేసే అలవాటున్న మనిషైతే అక్కడే ఆగుతాను. ఉన్ని పోగు మీది సన్నటి పొలుసులు వేడికీ రాపిడికీ ఒకదానికొకటి చిక్కుకుని స్వెట్టరు బొమ్మకు సరిపోయేంత అవుతుంది, ఇక విప్పడం ఎవరి తరమూ కాదు. అలాంటివాళ్లు మరీ ఇష్టమైనవాళ్లైతే అలా చిక్కుకోని ఎక్రిలిక్ అనే కృత్రిమ ఊలుతో చేస్తాను, లేదా ఎలా ఉతకాలో చిన్న చీటీ రాసి పెడతాను. చీటీ చదవరని తెలిస్తే ఎక్రిలిక్కే.

పుచ్చుకునేవాళ్లకు కూడా ఒక మాట. అంత కష్టపడి చేశారని బీరువాలో పెట్టి పూజ చేయకండి. వేసుకోండి, మాయనివ్వండి, మడమ దగ్గర చిరగనివ్వండి. చిరిగిన మేజోడు పట్టుకొచ్చి "ఇది బాగుచేస్తావా" అని అడిగిన మనిషి పేరు వచ్చే ఏడు జాబితాలో అందరికన్నా పైన ఉంటుంది.

ఈసారి నా సూదుల మీద ఉన్నది అలాంటి మనిషి కోసమే. పాదం కొలత కూడా పాత జత మీంచి దొంగతనంగా తీసుకున్నాను. మిగతావాళ్లందరికీ దుకాణంలో కొన్నవే. బిల్లు కూడా లోపల పెడతాను, నచ్చకపోతే మార్చుకోవచ్చు.