గుడిబండకు రెండో బాధ్యత

రాష్ట్రంలో ప్రతిపాదిత విమానాశ్రయాల జాబితాలోకి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా దేవరకద్ర ప్రాంతంలోని గుడిబండ పేరు చేరి ఏళ్లు గడిచాయి. ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా శంషాబాద్ ఇంత చేరువలో ఉండగా పాలమూరులో విమానం ఎక్కేదెవరన్న ప్రశ్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. ప్రయాణికుల లెక్క ఒక్కటే చూస్తే దానికి జవాబు చెప్పడం నిజంగానే కష్టం. అయితే రన్‌వేకు మరో పని కూడా అప్పగించవచ్చు. వైమానిక దళానికి రిజర్వు స్థావరంగా గుడిబండను పరిశీలించాలన్నది ఈ పత్రిక అభిప్రాయం.

రిజర్వు స్థావరం అంటే తాళం వేసి పక్కన పెట్టిన స్థావరం కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో గ్రిసమ్ స్థావరం ఇందుకు మంచి ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, నౌకాదళ శిక్షణ కోసం పొలాల మధ్య దాన్ని కట్టారు. ఆ తర్వాత వైమానిక దళం చేతికి వచ్చి బాంబర్లకు నెలవైంది. అపోలో-1 అగ్నిప్రమాదంలో మరణించిన వ్యోమగామి గస్ గ్రిసమ్ పేరును 1968లో దానికి పెట్టారు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఇంత పెద్ద స్థావరం అవసరమా అన్న ప్రశ్న అక్కడా వచ్చింది. మూసేయడానికి బదులు 1994లో దాన్ని కుదించి రిజర్వు దళానికి అప్పగించారు, మిగిలిన భూమిని పౌర అవసరాలకు మళ్లించారు. గాలిలోనే ఇతర విమానాలకు ఇంధనం నింపే ట్యాంకర్ విమానాలు నేటికీ అక్కడి నుంచి ఎగురుతున్నాయి. రిజర్వు సిబ్బందిలో ఎక్కువ మంది బయట వేరే ఉద్యోగాలు చేసుకుంటూ, నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు యూనిఫాం వేసుకునేవారే. రన్‌వే పాడుబడదు, చేయి తిరిగిన మెకానిక్ దళానికి దూరం కాడు, ఖర్చూ అదుపులో ఉంటుంది.

ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. రిజర్వు, సహాయక వైమానిక దళాల చట్టాన్ని పార్లమెంటు 1952లోనే చేసింది. దాని కింద ఢిల్లీ, బొంబాయి, మద్రాసు వంటి నగరాల్లో సహాయక స్క్వాడ్రన్లు ఏర్పడ్డాయి. 1960లలో అవి రెగ్యులర్ దళంలో కలిసిపోవడంతో ఆ అధ్యాయం ముగిసింది. వాడకం లేని ఎయిర్‌ఫీల్డ్ గతి ఏమవుతుందో చూడాలంటే ఎంతో దూరం పోనక్కరలేదు. ఆదిలాబాద్‌లో నిజాం కాలపు విమాన మైదానం వైమానిక దళం ఆస్తిగా దశాబ్దాల పాటు ఖాళీగా పడి ఉంది. పౌర విమానాలతో కలిపి దాన్ని ఉమ్మడిగా వాడుకునేందుకు రక్షణ శాఖ ఒప్పుకున్నది 2025లో మాత్రమే.

దక్షిణ తెలంగాణకు ఆ మాత్రం మైదానం కూడా దక్కలేదు. బేగంపేట, వరంగల్, బీదర్, ఆదిలాబాద్... నిజాం రాజ్యంలోని ఈ ఎయిర్‌ఫీల్డులు ఉత్తరానికో, రాజధానికో చెందినవే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు కొనిచ్చి, దానికి హైదరాబాద్ పేరు పెట్టించుకున్నది నిజామే. ఆ సొమ్ములో మన రైతు కట్టిన శిస్తు లేదనుకోలేం. నల్లగొండ జిల్లా యుద్ధ విమానాలను దగ్గరగా చూసింది మాత్రం 1948 సెప్టెంబర్‌లో. విజయవాడ వైపు నుంచి వస్తున్న భారత సైన్యానికి దారి సుగమం చేస్తూ అవి సూర్యాపేట వద్ద నిజాం సేనల మీద దాడి చేశాయి. వెనక్కి తగ్గిన సేనలు పోతూ పోతూ మూసీ వంతెనను కూల్చాయి.

యుద్ధం మాట అలా ఉంచితే, వరద ఎప్పుడైనా రావచ్చు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, కృష్ణ ఒక్కసారిగా పొంగి అలంపూర్ ప్రాంతం మునిగినప్పుడు, మిద్దెలెక్కి చేతులు ఊపుతున్న జనానికి హెలికాప్టర్ల నుంచి ఆహార పొట్లాలు జారవిడిచారు. ఇంధనం, మందులు, పడవలు ముందే నిల్వ ఉంచుకున్న రన్‌వే ఒకటి అప్పుడు జిల్లాలో ఉంటే, రోడ్లు తెగిన తొలి గంటల్లో ఎంత అక్కరకొచ్చేదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక భూమి సంగతి. శ్రీశైలం ముంపుతో ఇళ్లూ పొలాలూ వదులుకున్న గ్రామాలున్న ఉమ్మడి జిల్లా ఇది. ఆ నిర్వాసితుల గోడు తెలిసిన ఏ ప్రభుత్వమూ ఇక్కడ సర్వే రాళ్లు పాతాక పరిహారం గురించి మాట్లాడకూడదు. పౌర విమానాశ్రయం పేరుతో ఒకసారి, రక్షణ అవసరాల పేరుతో మరోసారి రైతు గడప తొక్కడం అన్యాయం. ఎంత భూమి కావాలో, ఎందుకు కావాలో మొదటి గ్రామసభలోనే చెప్పి, అడిగేదేదో ఒక్కసారే అడగాలి.

ఈలోగా చేయగల పని ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అద్దంకి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిలో కొంత భాగాన్ని అత్యవసర రన్‌వేగా మలిచి, 2024 మార్చిలో ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలను దించి చూశారు. విమానం దిగే కాసేపు వాహనాలను పక్క దారికి మళ్లిస్తే చాలు, మిగతా రోజులంతా అది మామూలు రోడ్డే. పాలమూరు మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై జడ్చర్ల, కొత్తకోటల మధ్య అలాంటి తిన్నని భాగం దొరుకుతుందేమో వైమానిక దళం, రహదారుల సంస్థ కలిసి చూడాలి. గుడిబండ ఫైలు కదిలే వరకు ఆ సర్వే ఆగనక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీకి ఈ మేరకు లేఖ రాయడానికి ఎకరం భూమి కూడా సేకరించనక్కరలేదు.