డిప్ తీసే కోడ్ ఎవరికి కనిపించాలి?

అమెరికా విదేశాంగ శాఖ 2011 మే 1న డైవర్సిటీ వీసా లాటరీ (డ్రా తీసి వలస వీసాలిచ్చే పథకం) ఫలితాలను ఇంటర్నెట్‌లో పెట్టింది. దాదాపు 22 వేల మంది తమకు అదృష్టం తగిలిందని చూసుకున్నారు. రెండు వారాలు తిరగకుండానే, మే 13న, ఆ శాఖే ఫలితాలన్నీ రద్దు చేసింది. దరఖాస్తుల గడువు 2010 అక్టోబరు 5 నుంచి నవంబరు 3 దాకా ఉంటే, ఎంపికైన వాళ్లలో 90 శాతం మంది మొదటి రెండు రోజుల్లో దరఖాస్తు పెట్టుకున్నవాళ్లే. కారణం ప్రోగ్రామ్‌లో తప్పు. జులైలో మళ్లీ డ్రా తీశారు.

ఇంత తప్పు జరిగినా ఆ ప్రోగ్రామ్ ఎక్కడా ఆగలేదు, ఎర్రర్ చూపలేదు. అడిగినన్ని పేర్లు చక్కగా ఇచ్చింది. పక్షపాతం 90 శాతానికి చేరింది కాబట్టి కంటికి ఆనింది. అదే మొదటి రెండు రోజుల వాళ్లకు ఒక పది శాతం మొగ్గు మాత్రమే ఉండి ఉంటే? ఫలితాలు అలాగే నిలబడేవి. ఎవరూ అనుమానించేవారు కాదు.

తెలుగువాళ్ల జీవితాల్లో ఇలాంటి డ్రాలు తక్కువేమీ లేవు. తిరుమలలో ఆర్జిత సేవల టికెట్లకు ఎలక్ట్రానిక్ డిప్ తీస్తారు. ఏ ఈవీఎం ఏ నియోజకవర్గానికి, ఏ పోలింగ్ కేంద్రానికి వెళ్లాలో ఎన్నికల యంత్రాంగం రెండు దశల ర్యాండమైజేషన్‌తో తేలుస్తుంది. హెచ్‌1బీ ఎంపిక కోసం ఏటా మార్చిలో ఎన్ని ఇళ్లలో ఎదురుచూస్తారో చెప్పక్కర్లేదు. ఇక ఫోన్‌కు వచ్చే ఆరంకెల ఓటీపీ రోజూ చూసేదే. వీటన్నిటి వెనకా ఉన్నది ఒక ర్యాండమ్ నంబర్ ఫంక్షన్. అది సరిగ్గా పనిచేసిందో లేదో ఫలితం చూసి చెప్పలేం. తయారైన పద్ధతి చూసే చెప్పగలం. అందుకే జనం హక్కులను తేల్చే డ్రా కోడ్ జనానికి కనిపించి తీరాలన్నది ఈ వ్యాసం వాదన.

ఫలితం చూసి ఎందుకు చెప్పలేమో ఒక చిన్న ఉదాహరణతో తెలుస్తుంది. 1, 2, 3, 4 అని వరుస సంఖ్యలను ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌లోకి (ఏ సమాచారాన్నైనా గజిబిజిగా కనిపించే పొడవైన సంఖ్యగా మార్చే, వెనక్కి తిప్పలేని సూత్రంలోకి) పంపి, వచ్చినవాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చండి. ఏ గణాంక పరీక్ష పెట్టినా అవి నెగ్గుతాయి. సున్నాలూ ఒకట్లూ సమంగా ఉంటాయి, ఎక్కడా వరుస కనిపించదు. కానీ ఆ రహస్యం తెలిసినవాడికి తర్వాత ఏం వస్తుందో ముందే తెలుసు. పరీక్ష పట్టుకోగలిగేది వంకరను మాత్రమే. ఊహించడం ఎంత తేలికో అది చెప్పలేదు.

డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అనుభవం దీనికి పెద్ద సాక్ష్యం. 2006లో డెబియన్ వాళ్లు భద్రతకు వాడే కీలను (రహస్య సంఖ్యలను) తయారు చేసే తమ ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో రెండు లైన్లు కామెంట్ చేశారు, అంటే నడవకుండా ఆపేశారు. వాల్‌గ్రైండ్ అనే పరికరం ఆ చోట మెమరీ గురించి హెచ్చరిక ఇస్తోందని చేసిన సవరణ అది. కానీ ర్యాండమ్ సంఖ్యలిచ్చే జనరేటర్‌లోకి అనిశ్చితిని కలిపేది ఆ లైన్లే. అవి పోయాక మిగిలిన ఒకే ఒక్క మూలం, నడుస్తున్న ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే ప్రాసెస్ నంబర్, అది 32,768 దాటదు. అంటే ఒక రకం కంప్యూటర్ మీద, ఒక సైజు కీ తీసుకుంటే, ప్రపంచంలోని ఆ డెబియన్, ఉబుంటు యంత్రాలన్నీ కలిసి తయారు చేయగల వేర్వేరు కీలు సుమారు 32 వేలే. అన్నిటినీ ముందే తయారు చేసి పెట్టుకుని ఒక్కొక్కటీ సర్వర్ మీద ప్రయోగించవచ్చు. 2008 మేలో లూసియానో బెల్లో దీన్ని కనిపెట్టేదాకా ఏడాదిన్నరకు పైగా అది అలాగే నడిచింది. ఒక్కొక్క కీని విడిగా చూస్తే ఏ లోపమూ లేదు మరి.

ఇప్పుడు ఓటీపీని దగ్గరగా చూద్దాం. జావాలో సర్వర్ రాసే చాలామంది చేతికి ముందుగా తగిలేది జావా.యుటిల్.ర్యాండమ్ అనే జనరేటర్. పది లక్షల లోపు సంఖ్య అడిగి, ముందు సున్నాలు చేర్చి ఎస్ఎంఎస్ పంపేస్తారు. దీని లోపలి స్థితి 48 బిట్లు, అంటే 48 సున్నాలూ ఒకట్లూ. ఒక్కో అడుగులో ఆ స్థితిని 25,21,49,03,917తో గుణించి, 11 కలిపి, కింది 48 బిట్లు ఉంచుకుంటుంది. పై 31 బిట్లు బయటికి తీసి, 10,00,000తో భాగించిన శేషాన్ని మనకిస్తుంది. 48 బిట్లంటే 281 లక్షల కోట్ల అవకాశాలు, అంత పెద్ద సంఖ్య చూసి ధైర్యం వస్తుంది. కానీ ఒక ఓటీపీ తెలిసినవాడి లెక్క వేరు. భాగఫలం ఎంతై ఉండవచ్చు? 0 నుంచి 2,147 వరకు, అంటే 2,148 అవకాశాలు. బయటికి రాని కింది 17 బిట్లకు 1,31,072 అవకాశాలు. రెండూ గుణిస్తే సుమారు 28 కోట్ల 15 లక్షలు. మామూలు ల్యాప్‌టాప్‌కు ఇది కొన్ని సెకన్ల పని. రెండో ఓటీపీతో సరిచూస్తే 300 లోపు మిగులుతాయి, మూడోదానితో సాధారణంగా ఒక్కటే. తన సొంత ఫోన్‌కు వెంటవెంటనే మూడు ఓటీపీలు తెప్పించుకున్నవాడు నాలుగోది, అంటే మీ ఫోన్‌కు వచ్చేది, ముందే లెక్కగట్టగలడు. రద్దీ సర్వర్లో మధ్యలో వేరేవాళ్ల ఓటీపీలు దూరితే వాడి పని కొంచెం పెరుగుతుంది, అంతే.

మందు ఒక్క పదం మార్పు: జావాలోనే ఉన్న సెక్యూర్‌ర్యాండమ్. పైథాన్‌లో 3.6 నుంచి ఉన్న సీక్రెట్స్ మాడ్యూల్, పీహెచ్‌పీలో 7 నుంచి ఉన్న ర్యాండమ్_ఇంట్, బ్రౌజర్లో మ్యాథ్.ర్యాండమ్ బదులు క్రిప్టో.గెట్‌ర్యాండమ్‌వాల్యూస్ ఇదే పని చేస్తాయి. ఇవన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ పోగుచేసిన అనిశ్చితి మీద ఆధారపడతాయి. పైథాన్‌లో మామూలు ర్యాండమ్ మాడ్యూల్ వెనకున్న మెర్సెన్ ట్విస్టర్ కూడా రహస్యాలకు పనికిరాదు. దాని ఆవృత్తి 2 ఘాతం 19937 మైనస్ ఒకటి, వినడానికి ఘనంగానే ఉంటుంది. కానీ వరుసగా 624 సంఖ్యలు చూసినవాడికి మిగతా వరుసంతా చేతిలో ఉన్నట్టే. సెక్యూర్ జనరేటర్ నెమ్మది అనే పాత సాకు కూడా ఓటీపీ దగ్గర చెల్లదు. ఎస్ఎంఎస్ వెళ్లడానికి పట్టే సెకన్ల ముందు అది లెక్కలోకే రాదు.

సిమ్యులేషన్లు, గేములు, టెస్ట్ డేటా మాటే వేరు. అక్కడ వేగమైన మామూలు జనరేటరే సరైనది, సీడ్‌ను, అంటే జనరేటర్ మొదలయ్యే సంఖ్యను, లాగ్‌లో రాసి పెట్టుకోవడం మంచి అలవాటు కూడా, అదే ఫలితాన్ని మళ్లీ రప్పించవచ్చు. ఒక్క జాగ్రత్త: ప్రాసెస్ ఫోర్క్ అయినప్పుడు, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్ తన నకళ్లను (వర్కర్లను) పుట్టించినప్పుడు, జనరేటర్ స్థితి కూడా నకలవుతుంది. నాలుగు వర్కర్లు నాలుగు రకాల సంఖ్యలు ఇస్తున్నాయని మనం అనుకుంటుంటే, నాలుగూ ఒకే వరుస చదువుతుంటాయి.

డ్రాల సంగతికి వస్తే, అక్కడ జనరేటర్ మంచిదైనా దాని చుట్టూ రాసిన నాలుగు లైన్లు కొంప ముంచుతాయి. మైక్రోసాఫ్ట్ సీ లైబ్రరీలోని ర్యాండ్ ఫంక్షన్ ఇచ్చే గరిష్ఠ సంఖ్య 32,767. యాభై వేల దరఖాస్తులున్న జాబితా మీద ర్యాండ్ శేషం 50,000 అని రాశారనుకోండి. 32,768 తర్వాతి వరుసలో ఉన్న 17,232 మందికి అవకాశం తక్కువ కాదు, అసలు లేదు. ప్రోగ్రామ్ మాత్రం సజావుగా పేర్లు ఇస్తూనే ఉంటుంది. దీనికి చిన్న రూపం శేషంతో వచ్చే మొగ్గు. ఒక బైటును 10తో భాగించి అంకె తీస్తే, 256 విలువల్లో 0 నుంచి 5 దాకా అంకెలకు 26 చొప్పున, 6 నుంచి 9 దాకా అంకెలకు 25 చొప్పున వాటా పడుతుంది. సరిచేయడం తేలిక: 250, అంతకు మించిన బైటు వస్తే పారేసి ఇంకోటి తీసుకోవాలి.

జాబితాను కలగలిపే చోట ఇంకా సూక్ష్మమైన తప్పు ఉంటుంది. ప్రతి స్థానంలోని పేరునూ మొత్తం జాబితాలో ఏదో ఒక స్థానంతో మార్పిడి చేస్తే బాగా కలుస్తుందని అనిపిస్తుంది. మూడు పేర్లతో లెక్క వేసి చూడండి. మూడు అడుగులు, ఒక్కో దాంట్లో మూడు ఎంపికలు, మొత్తం 27 దారులు. సాధ్యమైన వరుసలు ఆరు. 27ను ఆరుతో సమంగా పంచలేం. మూడు వరుసలకు అయిదేసి దారులు, మూడింటికి నాలుగేసి పడతాయి. సరైన ఫిషర్-యేట్స్ పద్ధతిలో ప్రతి అడుగులోనూ ఇంకా ఖరారు కాని స్థానాల నుంచే ఎంచుకుంటారు. అప్పుడు మూడు, రెండు, ఒకటి గుణిస్తే ఆరు దారులు, ఆరు వరుసలు. తేడా కోడ్‌లో ఒక్క హద్దు సంఖ్య. వరుసలో పేర్చే సార్ట్ ఫంక్షన్‌కు ర్యాండమ్ పోలిక ఇచ్చి జాబితాను కలపడం మరీ ఘోరం. 2010లో ఐరోపాలో మైక్రోసాఫ్ట్ చూపించిన బ్రౌజర్ ఎంపిక పేజీ అలాగే చేసింది. దాంతో అయిదు స్థానాల్లో కొన్ని బ్రౌజర్లు కొన్నిచోట్లే ఎక్కువగా తేలాయి.

ఇవన్నీ తెలియక చేసే తప్పులు. తెలిసి చేసేవీ ఉన్నాయి. అమెరికాలో పలు రాష్ట్రాలకు లాటరీ నడిపే సంఘంలో సమాచార భద్రత అధికారిగా పనిచేసిన ఎడ్డీ టిప్టన్, డ్రా తీసే యంత్రాల సాఫ్ట్‌వేర్‌లో ఒక షరతు దాచాడు. ఏడాదిలో మూడు తేదీల్లో, వారంలో నిర్ణీత రోజుల్లో, ఒక సమయం దాటాక డ్రా జరిగితే, అసలు జనరేటర్ పక్కకు తప్పుకుని తాను ముందే లెక్కగట్టగల జనరేటర్ నడుస్తుంది. 2010 డిసెంబరు 29న కోటీ 65 లక్షల డాలర్ల హాట్ లాటో బహుమతి అలా వచ్చిందే. ఆ డబ్బు ఎవరు తీసుకుంటారనే దగ్గర గుట్టు రట్టయింది కానీ, అంకెలు చూసి ఎవరూ పట్టుకోలేదు. 2017లో అతడికి 25 ఏళ్ల వరకు జైలు శిక్ష పడింది.

కంప్యూటర్ వద్దు, డబ్బాలో చీటీలే మేలు అనేవాళ్లున్నారు. నమ్మకం విషయంలో వాళ్ల బాధ న్యాయమే. అయితే 1969 డిసెంబరు 1న వియత్నాం యుద్ధానికి సైనికులను ఎంచడానికి అమెరికా తీసిన లాటరీ పూర్తిగా చేత్తో జరిగింది. 366 పుట్టిన తేదీలను ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టి, సరిగా కలపకుండానే తీశారు. చివరి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ముందు తేలారు. డిసెంబరులోని 31 తేదీల్లో 26కు పిలుపు వచ్చింది. చేయి అయినా, కోడ్ అయినా, తర్వాత ఎవరైనా తిరిగి సరిచూసుకునే వీలుండాలి.

ఆ వీలు కల్పించడానికి బ్రహ్మవిద్య ఏమీ అక్కర్లేదు. ఒక ప్రభుత్వ శాఖ ఇళ్ల కేటాయింపుకు డ్రా తీస్తోందనుకుందాం. గడువు ముగిశాక దరఖాస్తు నంబర్లను లైనుకొకటి చొప్పున ఒక ఫైల్లో పెట్టి, పేర్లూ ఫోన్ నంబర్లూ లేకుండా, ఆ ఫైలునూ దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌నూ ప్రకటించాలి. శాఖ తన దగ్గర ఒక రహస్య సంఖ్య ఎంచుకుని దాని హ్యాష్‌ను మాత్రమే అదే రోజు బయటపెట్టాలి. డ్రా రోజున వేదిక మీద దరఖాస్తుదారులే పాచిక 50 సార్లు వేయాలి. ఆరు ముఖాల పాచిక 50 సార్లంటే 129 బిట్ల అనిశ్చితి, ఎవరూ ఊహించలేనంత. ఆ అంకెల తర్వాత శాఖ తన రహస్య సంఖ్య విప్పి చెబుతుంది. రెండూ కలిపితే సీడ్. ముందే హ్యాష్ ఇచ్చేసినందువల్ల శాఖ మాట మార్చలేదు, ఆ సంఖ్య తెలియదు కాబట్టి పాచిక వేసేవాళ్లు ఫలితాన్ని వంచలేరు. ఇక ప్రతి దరఖాస్తు నంబరునూ సీడ్‌కు జోడించి హ్యాష్ తీయాలి, ఆ హ్యాష్‌లను చిన్నవి ముందు వచ్చేలా పేర్చాలి, ఎన్ని ఇళ్లుంటే పైనుంచి అంతమంది విజేతలు. ఇందులో కలగలపడం లేదు, శేషం లేదు, తప్పుకు చోటిచ్చే హద్దు సంఖ్యా లేదు. ఓడిపోయిన దరఖాస్తుదారు కొడుకు ఇంటి దగ్గర కూర్చుని ముప్పై లైన్ల పైథాన్‌తో మొత్తం డ్రాను తిరగవేసుకోవచ్చు.

‘నచ్చిన ఫలితం వచ్చేదాకా బటన్ మళ్లీ మళ్లీ నొక్కారేమో’ అనే అనుమానానికి కూడా ఇక్కడ తావుండదు, సీడ్ ఒక్కటే కాబట్టి. అయితే చిల్లరగా కనిపించే రెండు విషయాలు ఈ పద్ధతిని ఆ రోజే పాడుచేయగలవు. దరఖాస్తు నంబర్లను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. విండోస్‌లో తయారైన ఫైలుకు లైను చివర రెండు గుర్తులుంటాయి, లినక్స్‌లో ఒకటే. దేనివల్ల తేడా వచ్చినా హ్యాష్ పూర్తిగా మారిపోయి, నిజాయతీగా తీసిన డ్రా కూడా దొంగదానిలా కనిపిస్తుంది. కాబట్టి ఫైలు ఏ రూపంలో ఉండాలో, నంబరుకూ సీడ్‌కూ మధ్య ఏ గుర్తు పెట్టాలో అక్షరం పొల్లుపోకుండా నోటిఫికేషన్లోనే రాయాలి. వారం ముందు పది ఉత్తుత్తి నంబర్లతో, ఉత్తుత్తి సీడ్‌తో ఒక నమూనా డ్రా ఇచ్చి, జనం తమ ప్రోగ్రామ్‌లను దానితో సరిచూసుకోనివ్వాలి.