కందుకూరికో రెజ్యూమ్ బటన్

బ్రౌజర్లోనే పెద్ద పెద్ద ఫైళ్ళు దించుకునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తాది. 90 శాతం వచ్చినాక కరెంటు పోద్ది, ఫెయిల్డ్ అని చూపిస్తాది, ఈ మనిషి నోరెత్తకుండా మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతాడు. అంత ఓపిక పొగాకు వేలం కాడ రేటు కోసం కూర్చునే రైతుకి తప్ప ఇంకెవరికీ ఉండకూడదబ్బా.

మేం డౌన్‌లోడ్ మేనేజర్ (ఫైలు ఆగిన కాడ నుంచే దించే సాఫ్ట్‌వేర్) చేతుల్లో పెరిగినోళ్ళం. అప్పట్లో మా ఇంట్లో 256 కేబీపీఎస్ ఇంటర్నెట్ లైను, రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా ఎంత లాగినా ఫ్రీ. సెకనుకి 32 కేబీ లెక్కన ఆరు గంటలకి 675 ఎంబీ, దించాల్సిన సీడీ ఫైలు చూస్తేనేమో 700! ఆ పాతిక ఎంబీ కోసం మా బావ ఎన్ని రాత్రులు అలారం పెట్టుకుని లేచాడో మా అక్కకే తెలుసు. మేనేజర్ వచ్చినాక షెడ్యూల్ పెట్టి పడుకున్నాం, అదే 2కి లేచి అదే 8కి ఆగి మర్నాడు రాత్రి ఆగిన కాడ నుంచే పట్టుకునేది. ఐడీఎం (ఇంటర్నెట్ డౌన్‌లోడ్ మేనేజర్) ట్రయల్ 30 రోజులే అంటారు గానీ మా వీధిలో ఆ 30 రోజులు ఇంకా అయిపోలా.

పని తీరు కూడా పద్ధతిగా ఉంటాది. ఫలానా బైట్ నుంచి ఇయ్యి అని మేనేజర్ అడిగితే సర్వర్ (ఫైలుండే అవతలి కంప్యూటర్) 206 అనే కోడ్ చెప్పి ఆ ముక్కే ఇస్తాది, కొన్ని మొండి సర్వర్లు మాత్రం 200 అని చెప్పి మొత్తం మొదట్నుంచి పంపిస్తాయి. మేనేజర్ ఒకే ఫైల్ని 8, 16, 32 ముక్కలుగా ఒకేసారి లాగి చివర్లో అతికిస్తాది. సర్వర్ ఒక్కో కనెక్షన్‌కి ఇంతే అని కొలిచి పోస్తుంటే ఇది బ్రహ్మాండం, మన పైపే సన్నగా ఉంటే ముప్పై రెండు బిందెలు పెట్టినా అవే నీళ్ళు.

ఇదేదో తెల్లోడు కనిపెట్టాడనుకుంటారు గానీ మన గవర్నమెంటు 1970లోనే చేసింది. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి లాగి అతికిస్తే ఒంగోలు జిల్లా అయింది, 1972లో ప్రకాశం అని రీనేమ్ కొట్టారు. 2022 ఏప్రిల్లో మళ్ళీ విప్పేసి అద్దంకి, చీరాలని బాపట్లలో, మా కందుకూరిని నెల్లూరులో పడేశారు.

కరెక్టుగా ఆ టైంకి నా అప్లికేషన్ ఒకటి ఒంగోల్లో 80 శాతం అయి ఉండాది. మూడు సంతకాలు పడినాయి, ఒక్కటే మిగిలింది. నెల్లూరు పోతే ఆఫీసులో సారు "ఆ ఫైలు ఈడికి రాలా, కొత్తగా పెట్టుకోండి" అన్నాడు. ఈయన 200 రకం అని అప్పుడే అర్థమైంది నాకు. అయినా చేతులు కట్టుకుని "సార్, ఆగిన కాడ నుంచి 206 కింద చెయ్యచ్చు గదా" అన్నా.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పక్క టేబులాయన్ని ఒక మాట అడిగి, "ఆ జీవో మాకింకా రాలేదండీ, వచ్చినాక కనపడండి" అన్నాడు. వచ్చినాక అంటే నెల్లూర్లో కనపడాలా ఒంగోల్లోనా అని అడుగుదామనుకుని ఊరుకున్నా.