ఉక్కు సలహా

టన్ను ఇనప తుక్కు కరగాలంటే ఇండక్షన్ ఫర్నేస్, అంటే కరెంటు కొలిమి, సుమారు 600 యూనిట్ల కరెంటు తాగుతుంది. హీట్, అంటే ఒక విడత లోహం, కరిగి సిద్ధమయ్యాక దాన్ని పోసుకుపోయే లేడిల్ రాక ఐదు నిమిషాలు ఆగితే, ఆ ఐదు నిమిషాల ముచ్చట కూడా బిల్లులో పడుతుంది. అందుకే కొత్తూరు వైపు ఒక ఫ్యాక్టరీలో కార్మికుల్నే సలహాలడగాలని తీర్మానించారు. టొయోటాలో 1951లోనే ఈ పద్ధతి మొదలైందని మేనేజరు చెబితే అందరూ తలలూపారు. సమోసాలు వేడిగా ఉన్నాయి మరి.

ఫిట్టర్లు పాత రేకుతో డబ్బా చేసి, పైన సందు కోసి, తాళం వేశారు. రంగు కావాలని రాసిన ఇండెంటు ఇంకా సంతకానికే తిరుగుతోంది గనుక తుప్పు రంగే మిగిలింది. పెట్టింది నలుగురూ తిరిగే చోట, తుక్కు యార్డు అంచున. తాళంచెవి ఆఫీసు బీరువాలో. నెలైనా తీసిన వాళ్లు లేరు.

ఒక రాత్రి షిఫ్టులో క్రేను అయస్కాంతం దిగింది. ఏది తుక్కో, ఏది సలహానో దానికేం ఎరుక?

డబ్బా పోయి ఫర్నేస్ మూతి దగ్గర అడ్డంగా ఇరుక్కుంది. దాని మీద పడ్డ తుక్కంతా అతుక్కుని పళ్లెం కట్టింది. దీన్నే బ్రిడ్జింగ్ అంటారు. పైన చల్లగా కనిపిస్తుంది కాబట్టి కొత్త మెల్టరైతే పవర్ పెంచుతాడు. అప్పుడు కింది లోహం మితిమీరి కాగి, ఫర్నేస్ లోపలి సిలికా లైనింగును తినేసి, దాని చుట్టూ ఉన్న కరెంటు కాయిల్ దాకా పోతుంది. ఇక్కడున్నది పాత చెయ్యి. పవర్ తగ్గించి, ఫర్నేస్‌ను మెల్లగా వంచి, కరిగిన లోహాన్నే ఆ పళ్లేనికి తగిలించి బొక్క పడేదాకా ఓపిక పట్టాడు. గంట పోయింది.

నిజానికి అంతకన్నా పెద్ద గండమే తప్పింది. మూసి ఉన్న డబ్బాలో నీళ్లుంటే అవి ఒక్కసారిగా ఆవిరై వెయ్యి రెట్లకు పైగా ఉబ్బుతాయి, లోహం షెడ్డు కప్పుకు ఎగురుతుంది. సలహాలు వేసే సందు ఉండబట్టి చీటీలు మాత్రం కాలాయి. తెల్లారేసరికి డబ్బా బిల్లెట్లయి, అంటే ఉక్కు దిమ్మలై, రోలింగ్ మిల్లుకు పోయింది.

పొద్దున విచారణ.

"తాళమేసిన డబ్బా ఫర్నేస్‌లకు ఎట్ల పోయిందయ్యా? ఎవరూ చూసుకోరా?"

యార్డు హెల్పర్ గొంతు సవరించుకున్నాడు. "నేను ముందుగాలనే రాసిన సార్. మూతబడ్డ డబ్బలు, సిలిండర్లు కోసినంకనే ఎయ్యాలె అని."

"మరి నాకెందుకు అందలే? ఏడ ఇచ్చినవ్?"

"గా డబ్బలనే ఏసిన సార్."