ఇల్లు కదలకుండా రాష్ట్రాలు మారడం ఎలా?

మార్పును స్వీకరించడం నేర్పిస్తామంటూ ఈమధ్య ఎక్కడ చూసినా శిబిరాలు. ఫీజు వేలల్లో ఉంటుంది, భోజనంలో ఉప్పుండదు. తిరుపతి వాళ్లకు ఆ ఖర్చు దండగ. కొర్లగుంటలో మా పక్కింటి పెదనాయన ఉన్నారు. ఆయనకు ప్రాణాయామం రాదు, ప్రవచనం చెప్పరు. ఆయన దగ్గర ఉన్నదల్లా ఒక ట్రంకు పెట్టె.

ఆయన పుట్టినప్పుడు మా ఊరు మద్రాసు కింద ఉండేది. 1953 అక్టోబరు 1న నిద్ర లేచేసరికి ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1న లేచేసరికి ఆంధ్రప్రదేశ్. మంచం మాత్రం వేసిన చోటే ఉంది. తిరుత్తణిలో ఉన్న వాళ్ల మేనత్తకైతే, పోయిన మద్రాసు రాష్ట్రం 1960లో మళ్లీ గడపలోకే వచ్చింది. ఈ విద్య వాళ్ల వంశంలోనే ఉంది.

రాజధాని సంగతి చెప్పక్కర్లేదు. మద్రాసు, కర్నూలు, హైదరాబాదు, అమరావతి. మధ్యలో మూడు రాజధానులన్న రోజుల్లో నాకు ఒకటే టెన్షన్. పెదనాయన కాఫీ ఊదుకుంటూ, "వచ్చేది రానీప్పా, మనల్నేమన్నా మోయమంటారా?" అన్నారు.

2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా కూడా మమ్మల్ని వదిలి, తిరుపతి జిల్లా వచ్చింది. ఊరంతా సంబరం. ఆయన మాత్రం జిరాక్స్ షాపుకు పోయారు.

అసలు సాధన అక్కడుంది. ట్రంకు తెరిస్తే కలరా ఉండల వాసన. అడుగున తాతగారి దస్తావేజు, అందులో 'ఉత్తర ఆర్కాడు జిల్లా'. 1911కు ముందుది కాబట్టి చిత్తూరు జిల్లా ఊసే లేదు. దానిపైన చిత్తూరు జిల్లా పేరుతో పన్ను రసీదులు, రేషన్ కార్డులు. అన్నిటికన్నా పైన, చీరల కొట్టు కవర్లో, మూడేసి జిరాక్సులు, పాస్‌పోర్టు ఫోటోలు, ఎండిపోయిన జిగురు సీసా. జీవితంలో ఏ మార్పొచ్చినా అది చివరికి ఒక కిటికీ దగ్గరికి చేరి 'ఒరిజినల్ ఏదీ?' అంటుందని ఆయన సిద్ధాంతం. ఇంతకు మించిన వేదాంతం నేనైతే వినలేదు.

గరుడ వారధి అని మొదలుపెట్టిన ఫ్లైఓవర్, 2023లో తెరిచేనాటికి శ్రీనివాస సేతు అయింది. దానికి జిరాక్స్ అడగలేదు కాబట్టి ఆయన పట్టించుకోలేదు.

ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. ఇకమీదట జిల్లా విడగొట్టే ప్రతిసారీ గెజిట్‌తో పాటు ఇంటికో ట్రంకు, పావుకిలో కలరా ఉండలు పంచాలి. లబ్ధిదారుల ఎంపికకు మళ్లీ ఆధార్ జిరాక్స్ అడుగుతారని తెలుసు. అడగనీండి, అలవాటవుతుంది.

మొన్న బెంగళూరు నుంచి కొడుకు ఫోన్ చేశాడు. అపార్ట్‌మెంటులో లిఫ్టుంది, పార్కుంది, వచ్చేయండి నాయనా అని బతిమాలాడు. ఇన్ని రాష్ట్రాలను చలించకుండా చూసిన మనిషి గభాలున లేచి నిలబడ్డారు.

"అడ్రస్ మార్చాల్నా? నా వల్ల కాదబ్బాయా!"